మొదటి కోత

పయోమ్ మొగుడు పోయిన రోజున ఏడవలేదు. బ్యాంకాక్‌కి బాగా ఉత్తరాన ఉన్న మా లంపాంగ్ వైపు ఆమె ప్రస్తావన వస్తే ముందు ఈ మాటే వస్తుంది, ఆమె పనితనం గురించి తర్వాత. చితి మీద చందనపు పూలు పెట్టే వరసలో నిలబడి, తన వంతు రాగానే పువ్వు పెట్టేసి, వచ్చినవాళ్లకి జిగురన్నం సరిపోతుందో లేదో చూడ్డానికి వంటల దగ్గరికి వెళ్లిపోయింది. గుండె కాదు రాయి అన్నవాళ్లున్నారు, ఎంత నిబ్బరమో అన్నవాళ్లున్నారు. ఊళ్లో నోళ్లకి పనేముంది! నిజం ఇంతకంటే చిన్నది. ఏడుపు రాలేదు. ఇవాళ కాకపోతే రేపు వస్తుందని ఆమే కొన్నాళ్లు ఎదురుచూసింది. రాకపోయేసరికి ఆ సంగతి వదిలేసి పనిలోకి వెళ్లింది.

ఆ పని గంజాయి మొక్కలు పెంచడం. ముఖం చిట్లించుకోవాల్సిన పనిలేదు. సర్కారు ఆ మొక్కని నిషేధాల్లోంచి తీసేసిన ఏడు మా వైపు ఖాళీ షెడ్లు సగం అదే బాట పట్టాయి. పయోమ్ పనిచేసే షెడ్డు అంతకు ముందు గిన్నెల బట్టీ. కోడిపుంజు బొమ్మ వేసిన గిన్నెలు కాల్చేవాళ్లు. ముసలి యజమాని పోయాక అది కొడుకు వుత్ చేతికొచ్చింది. గిన్నెలు కొనేవాళ్లు తగ్గిపోయారు. వుత్ బట్టీ చల్లార్చి, షెడ్డుని గదులుగా కట్టించి, గోడలకి తెల్ల రేకులు కొట్టించి, ఏసీలూ దీపాలూ పెట్టించి, లైసెన్సు తెచ్చుకున్నాడు. పువ్వు పండించడం వాళ్ల పని కాదు. ఒక గదిలో తల్లి మొక్కలుంటాయి. వాటిని ఎప్పటికీ పూతకి రానివ్వరు. వాటి కొమ్మలు కోసి, పక్క గదిలో ట్రేలలో పెట్టి, వేళ్లు పట్టించి, ఆ పిల్ల మొక్కల్ని పండించేవాళ్లకి అమ్ముతారు. తల్లి ఎలా ఉంటే పిల్లలూ అచ్చం అలాగే ఉంటాయి, మంచికైనా చెడ్డకైనా.

పయోమ్ మొగుడి పేరు ఇన్‌ఖమ్. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ బట్టీలోనే గిన్నెల మీద పుంజులు వేశాడు. కుంచె ఆనించాడంటే తోక మొత్తం ఒక్క ఊపులో వచ్చేసేది. బట్టీ చల్లారాక ఊరికే కూచోలేక మొక్కల్లోకి దిగాడు. కొండ మీది పాత స్నేహితుడు ఇచ్చిన గింజల్ని మొలిపించి, బాగున్నవాటిని ఏరి తల్లులుగా నిలబెట్టాడు. వాటిలో మొదటిదాని పేరు ముసలమ్మ. మొలకగా ఉన్నప్పుడే ఆకులు వేలాడేసుకుని నడుం వంగినట్టు ఉండేది కాబట్టి ఆ పేరు. దాని వాసన మాత్రం ఇంకెక్కడా లేదు. మాగిన మామిడి తొక్క మీద మిరియాలు నలిపినట్టుండేది. ఎక్కడెక్కడి పెంపకందార్లూ ఆ వాసన కోసమే వుత్ షెడ్డుకి వచ్చేవాళ్లు. అక్కడ పనిచేసేవాళ్ల అన్నమంతా ముసలమ్మ కొమ్మల్లోనే ఉండేది.

పొద్దున్నే గదిలోకి రాగానే ఇన్‌ఖమ్ బొటనవేలితో ముసలమ్మ కాండాన్ని మెల్లగా రుద్ది, ఆ వేలు పయోమ్ ముక్కు దగ్గర పెట్టేవాడు.

"ఏమంటోంది?"

"నీ మొగుడు ఇవాళ పళ్లు తోముకోలేదు అంటోంది."

"అది కాదే, దాని ఒంట్లో ఎలా ఉందంటోంది?"

"బాగానే ఉందట. నన్ను రుద్దింది చాలు, పోయి పని చూసుకో అంటోంది."

వాళ్ల కాపురంలో సరసం అంతే. ఇంతకు మించి ఎవరికీ వినపడలేదు.

చలికాలంలో ఒక సాయంత్రం, కాళ్లు కడుక్కుంటూ తూలి పడిపోయాడు. మళ్లీ లేవలేదు. అంతకు కొన్నాళ్ల ముందే పెంపకందార్ల సంతకి వెళ్లి, ముసలమ్మ పిల్లనొకదాన్ని ఇచ్చి, బదులుగా ఏదో కొత్త మొక్క తెచ్చుకుని మురిసిపోయాడు. ఆ మొక్క కూడా ఆయన వెనకే వాడిపోయింది.

ఆ తర్వాత తొలి వానలకి ఊరంతా జ్వరాలు. పయోమ్‌కీ వచ్చింది. లేచి పనిలోకి వచ్చిన మొదటి పొద్దున తన వేలితోనే ముసలమ్మని రుద్ది, తన ముక్కు దగ్గరే పెట్టుకుంది. ఏ వాసనా లేదు. మర్నాడూ లేదు.

"జ్వరంలో పోయుంటుందక్కా ముక్కు. మా ఆడబిడ్డకీ పోయింది. వస్తుందిలే," అంది సంగ్వియన్. ఈ సంగ్వియన్ ఆమెతోపాటు కొమ్మలు కోసే మనిషి. నోరు పెద్దది, ఆ నోటి వెనక మనసు మంచిదే.

పయోమ్ సరే అంది. ఏడుపు ఎటు పోయిందో వాసనా అటే పోయిందనుకుంది. కూరలో చేపల రసం ఎక్కువైందో తక్కువైందో పట్టించుకోకుండా ఏదో ఇంత మింగి లేచే మనిషికి, ముక్కు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? అయినా రోజూ పొద్దున్నే రుద్దడం మానలేదు. రుద్దడం, వేలు ముక్కు దగ్గర పెట్టుకోవడం, ఏమీ లేకపోవడం, బకెట్ అందుకోవడం. అది కూడా పనిలో భాగమైపోయింది.

ఇంకొకటీ మానలేదు. మా వైపు ఏ పనికైనా ఒక గురువుంటాడు. డోలు వాయించేవాడికీ ఉంటాడు, జుట్టు కత్తిరించేవాడికీ ఉంటాడు. గురువు పోయినా ఆయన పనిముట్టు ఉంటుంది, దానికి గురువారం నాడు దండం పెట్టాకే పని మొదలవుతుంది. ఇన్‌ఖమ్ కత్తెరకి ఆయన బతికుండగానే గుడిలో పెద్ద భిక్షువు తెల్లటి గంధంతో మూడు బొట్లు పెట్టి, పిడి మీద బంగారు రేకు అతికించి ఇచ్చాడు. ఇప్పుడది గదిలో అరుగు మీద, ఆయన ఫోటో పక్కన ఉంటుంది. కొమ్మలు కోసే గురువారం పయోమ్ అగరొత్తులు వెలిగించి, ఆ కత్తెర తీసి, ఆయన పెంచిన తల్లులన్నిటికీ ఒక్కొక్క కొమ్మ కోస్తుంది. అది మొదటి కోత. ఆ తర్వాతే మిగతావాళ్లు తమ కత్తెరలతో మొదలుపెడతారు. ఎంత తొందర పని ఉన్నా, వుత్ ఎంత గొణిగినా, ఈ వరస తప్పలేదు.

ఇన్‌ఖమ్ పోయాక ఓ ఏడాది గడిచి, మళ్లీ వానలు మొదలైన రోజుల్లో పిల్ల మొక్కలు చెడటం మొదలైంది.

ముందు కొన్నే. ట్రేలో పెట్టిన కొమ్మల్లో ఎక్కడో ఒకటి వేరు పట్టకుండా మెత్తబడిపోయేది. అలాంటివి ఎప్పుడూ ఉండేవే. తర్వాత ట్రేలో సగం. మూత తీస్తే మొదళ్లు గోధుమ రంగుకి తిరిగి, ఆకులు అంచులు ముడుచుకుని, పాలిపోయి ఉండేవి. వేరు పట్టినవి కూడా పెరగనని మొండికేసినట్టు పొట్టిగా ఉండిపోయేవి. తల్లుల వాలకమూ మారింది. కణుపులు దగ్గరదగ్గరగా వచ్చాయి, కొమ్మలు పైకి పోకుండా పక్కలకి పడుకున్నాయి, కాస్త వంచితే సుద్దముక్కలా పుటుక్కున విరిగేవి. ఇంతలో కొన్నవాళ్ల ఫోన్లు. పువ్వు పిడికెడైనా లేదు, ఉన్నదానికి వాసన లేదు, ఇదేనా మీ ముసలమ్మ అని.

"ఏం పోస్తున్నారు వీటికి, కాఫీయా?" అన్నాడు వుత్, ట్రే మూత విసురుగా వేసి. చిన్నప్పుడు బట్టీలో పయోమ్ చంక దిగకుండా పెరిగినవాడు. ఇప్పుడు యజమాని కాబట్టి అరవాలి.

"నువ్వు కొత్త బోరు వేయించినప్పటి నుంచే ఇలా ఉంది," అంది సంగ్వియన్. "బట్టీ బూడిద పోసిన చోట బోరు తవ్వితే బూడిద నీళ్లు రాక తేనె వస్తుందా?"

"నువ్వు ఫ్యాను నీ వైపు తిప్పుకుని కూచుంటున్నావు. ఆ గాలంతా నీ చెమట మీదుగా పిల్ల మొక్కలకి కొడుతోంది."

"నా చెమటకే వేళ్లు మాడిపోతే, ఊళ్లో పొలాలకి కలుపు మందు ఎందుకు? నన్ను అద్దెకి తీసుకెళ్లమను."

ఇద్దరూ పయోమ్ వైపు చూశారు, ఎవరి పక్షమో చెప్పమన్నట్టు. పయోమ్ చెడిన కొమ్మలన్నీ బకెట్లోకి ఏరేసి, ట్రే కడగడానికి పట్టుకెళ్లింది. ఆమెకి కోపం రాలేదు, భయమూ వేయలేదు. ముసలమ్మ పోతే ఇన్‌ఖమ్‌ది ఇంకేమీ మిగలదన్న ఎరుక మాత్రం ఉంది. అది తెలిసీ గుండెలో ఏమీ కదలడం లేదేమిటా అని ట్రే కడుగుతూ కాసేపు ఆలోచించింది. తర్వాత ఇంకో ట్రే అందుకుంది.

సంగ్వియన్ తనకి తోచిన వైద్యం తాను చేసింది. షెడ్డు ముందున్న దేవతల గుడి అరుగు మీద ఎర్ర సోడా సీసాలు మూత తీసి, స్ట్రాలు వేసి వరసగా పెట్టింది. "ఇన్‌ఖమ్ అన్నకి దాహం వేస్తోందేమో," అంది. చీమలు తప్ప ఎవరూ తాగలేదు.

ఇక లాభం లేదని వుత్ చియాంగ్‌మై పట్నం నుంచి ఒక అమ్మాయిని పిలిపించాడు. పేరు దరుణీ. మొక్కల తెగుళ్లు చదువుకుంది. సన్నగా, మాట నెమ్మదిగా ఉండే పిల్ల. వచ్చీరాగానే ఏవో పెద్ద మాటలు చెప్పి ఒకటి చేయమంటుందనుకున్నారు. ఆమె ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ముసలమ్మ ఎదురుగా కూచుంది. అలా చూస్తూనే ఉంది.

"పెద్దమ్మా, ఇది ఎప్పుడూ ఇలా పక్కలకే పడుకుంటుందా?"

"మొదట్లో నిటారుగానే ఉండేది."

"ఎప్పటినుంచి?"

పయోమ్ ఆలోచించింది. కాలం ఆమెకి ఈ మధ్య ముద్దగా ఉంటోంది, ఏది ఎప్పుడో విడదీయడం కష్టం. "తెలీదమ్మాయ్," అంది.

దరుణీ అన్నీ చూసింది. బోరు నీళ్లు పరీక్షించింది, కొంచెం తేడా ఉంటే సరిచేయించింది. దీపాలు కాస్త పైకి కట్టించింది. మట్టి మీద చిన్న ఈగలు తిరుగుతుంటే పసుపు జిగురు అట్టలు వేలాడదీసింది. ఆకుల కింద భూతద్దం పెట్టి పేను ఉందేమోనని వెతికింది. ఎరువు తగ్గించింది. ఏది చేసినా ఒకటే చేసి, ఫలితం చూసి, అప్పుడు రెండోది.

"అన్నీ ఒకేసారి మార్చేయొచ్చుగా, పని తొందరగా తెములుతుంది," అన్నాడు వుత్.

"అన్నీ కలిపి మారిస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలీదండీ. మళ్లీ చెడితే ఏం చేస్తాం?"

"మళ్లీ చెడటం దాకా ఎందుకు, అసలు బాగవ్వనీ ముందు," అంది సంగ్వియన్.

బాగవలేదు. నీళ్లు మార్చినా అంతే, గాలి మార్చినా అంతే. కత్తెరలు చూపించమంది దరుణీ. సంగ్వియన్ గర్వంగా బకెట్ తెచ్చి పెట్టింది. బ్లీచింగ్ నీళ్లలో స్టీలు కత్తెరలు తళతళలాడుతున్నాయి. మొక్కమొక్కకీ ముంచుతాం, ఇన్‌ఖమ్ అన్న ఉన్నప్పటి నుంచీ అదే పద్ధతి, కావాలంటే వాసన చూడు, అంది. దరుణీ తల ఊపింది. అక్కడ తప్పు పట్టడానికేం లేదు. ప్రతి తల్లి నుంచీ ఆకులూ వేళ్ల ముక్కలూ తీసి సంచుల్లో పెట్టి పరీక్షకి పంపింది.

ఆమెని తికమక పెట్టిందల్లా కోడలు. కోడలంటే మొక్కే. ఇన్‌ఖమ్ పోయాక వుత్ బ్యాంకాక్ నుంచి కొని తెచ్చిన విదేశీ రకం. బయటి నుంచి వచ్చి ఇంట్లో తిష్ఠ వేసింది కాబట్టి ఆ పేరు సంగ్వియన్ పెట్టింది. అదీ ఆ వరసలోనే ఉంటుంది, అవే నీళ్లు తాగుతుంది, అవే దీపాల కింద ఉంటుంది, దాని కొమ్మలూ అవే ట్రేలలో పడుకుంటాయి. కానీ నిగనిగలాడుతూ, మీదికి ఎగబాకుతూ ఉంది.

"ఇంట్లో అందరికీ జబ్బు, కోడలికి మాత్రం ఆరోగ్యం," అంది సంగ్వియన్. "మా అత్త కూడా నన్ను ఇలాగే అనేది."

దరుణీ నవ్వింది గానీ చూపు కోడలి మీదే ఉంది. "దీనికి మీరు చేయనిదీ, మిగతావాటికి చేసేదీ ఏమైనా ఉందా?"

"ఏమీ లేదే," అంది సంగ్వియన్. పయోమ్ కూడా లేదనే అంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ల లెక్కలో నిజంగానే ఏమీ లేదు.

గురువారం వచ్చింది. కోసేది కొంచెమే అయినా కోత కోతే. దరుణీ గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. పయోమ్ ఇన్‌ఖమ్ ఫోటోకి మల్లెదండ వేసి, అగరొత్తులు వెలిగించి, దండం పెట్టింది. కత్తెర తీసుకుంది. ముసలమ్మకి ఒక కొమ్మ కోసింది. తెల్లగుడ్డతో కత్తెర తుడిచింది. పక్క తల్లికి ఒక కొమ్మ. తుడిచింది. ఆ పక్కదానికి. కోడలి దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా దాన్ని దాటి తర్వాతి తల్లికి వెళ్లింది.

"పెద్దమ్మా," అంది దరుణీ. గొంతు మరీ చిన్నగా ఉంది. "ఆ కత్తెర బకెట్లో ముంచరా?"

పయోమ్‌కి ముందు ప్రశ్న అర్థం కాలేదు. సంగ్వియనే జవాబు చెప్పింది. "అది కత్తెర కాదమ్మాయ్, గురువు. గురువుని బ్లీచింగ్‌లో ముంచుతారా? బొట్లు చెరిగిపోవూ?"

"మొన్న కత్తెరలన్నీ చూపించమన్నాను కదక్కా."

"అన్నీ చూపించాంగా," అంది సంగ్వియన్. అంటూనే నోరు తెరుచుకుని అలా ఉండిపోయింది. ఆమె నోరు మాట లేకుండా తెరుచుకోవడం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఎరగరు.

"కోడలికి దీంతో ఎందుకు కోయలేదు?" అని అడిగింది దరుణీ.

"అది ఆయన పెంచింది కాదు," అంది పయోమ్.

దరుణీ దగ్గరికి వచ్చి, ఏదో తప్పు తనే చేసినట్టు తల వంచుకుని చెప్పింది. ఒక తెగులుంది, వైరస్‌కి చిన్న తమ్ముడిలాంటిది. రసంలో ఉంటుంది. ఒక మొక్కని కోసిన కత్తెరతో ఇంకోదాన్ని కోస్తే దాంట్లోకి ఎక్కుతుంది. చాలాకాలం ఏమీ కనపడదు. ముందు వాసన తగ్గుతుంది, తర్వాత ఎదుగుదల, ఆ తర్వాత వేళ్లు. గుడ్డతో తుడిస్తే పోదు.

"ఎక్కడినుంచి వచ్చిందది?" అన్నాడు వుత్. చప్పుడు లేదేమిటా అని తలుపు దగ్గరికి వచ్చి అంతా విన్నాడు.

"బయటినుంచి తెచ్చిన మొక్కేదైనా ఉందా? కోడలు కాకుండా?"

సంతనుంచి ఇన్‌ఖమ్ మురిసిపోతూ తెచ్చుకున్న మొక్క ముగ్గురికీ గుర్తొచ్చింది. అది వాడిపోకముందు దానికీ ఈ కత్తెరే పడింది.

పయోమ్ చేతిలో కత్తెర చూసుకుంది. రెండు రెక్కలూ కలిసే చోట, తెల్ల బొట్ల కింద, నల్లటి జిగురు పేరుకుని ఉంది. ఎన్ని కోతల రసమో అది. మొగుడు చేతికిచ్చిపోయిన తల్లులన్నిటికీ తెగులు ఎక్కించింది తన చెయ్యే, అదీ దండం పెట్టి మరీ. ఇప్పుడు తనకి ఏదో అనిపించాలని ఆమెకి తెలుసు. ఆ అనిపించాల్సింది పక్కగదిలో ఎవరికో అనిపిస్తున్నట్టు ఉంది. కత్తెర అరుగు మీద పెట్టి, అగరొత్తి బూడిద తుడిచింది.

పరీక్ష సంగతి ఫోనులో తెలిసింది. ఇన్‌ఖమ్ పెంచిన తల్లుల్లో ఒక్కటీ మిగల్లేదు, అన్నిటికీ ఉంది. కోడలికి లేదు.

వుత్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ముసలమ్మ ఒక్కదాన్ని ఉంచుదాం. వెనక గదిలో విడిగా పెడదాం. కొన్ని కొమ్మలైనా వేళ్లు పడుతున్నాయి కదా. దూరం ఊళ్లవాళ్లకి..." అని ఆగి, దరుణీ వైపు చూడకుండా, "పేరు కోసమే వస్తున్నారు జనం," అన్నాడు.

దరుణీ అతనితో వాదించలేదు. పయోమ్‌తో అంది: "చిగురు కొనలో ఆవగింజంత ముక్క తీసి గాజు సీసాలో పెంచొచ్చు పెద్దమ్మా. ఒక్కోసారి ఆ కొనలోకి తెగులు ఎక్కదు. శుభ్రమైన ముసలమ్మ మళ్లీ వస్తుంది. ఒక్కోసారే. మాట ఇవ్వలేను."

"తీసుకెళ్లు," అంది పయోమ్. తర్వాత వుత్ వైపు తిరిగింది. "మిగతాది తీసేద్దాంరా."

"పెద్దమ్మా, అది పెదనాన్న చేతి మొక్క."

"తెలుసు. ఆయన పేరు చెప్పి తెగులు అమ్ముతామా? కొన్నవాళ్ల దగ్గరా తల్లులుంటాయి, వాటికీ ఎక్కుతుంది. ఇప్పటిదాకా కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పు. నువ్వు చెప్పలేకపోతే ఫోను ఇలా తే, నేను చెబుతా."

ఆ మాటల్లో కోపం లేదు. బజార్నుంచి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది. వుత్ చెప్పులు ఈడ్చుకుంటూ ఫోను పట్టుకుని బయటికి వెళ్లాడు. వెళ్లి చెప్పాడు కూడా, తిట్లన్నీ తిన్నాడు. ఆ విషయంలో అతన్ని మెచ్చుకోవాలి.

కాల్చడానికి చల్లారిన గిన్నెల బట్టీనే మళ్లీ వెలిగించారు. "ఇవాళ ఊళ్లో కుక్కలన్నీ నవ్వుతూ తిరుగుతాయి," అంది సంగ్వియన్. ఎవరూ నవ్వలేదు, ఆమె కూడా. తల్లుల్ని ఒక్కొక్కటిగా కోసి మోసుకెళ్లి వేశారు. ముసలమ్మని చివరికి ఉంచారు. దరుణీ సన్నటి బ్లేడుతో చిగుళ్ల కొనలు తీసుకుని సీసాల పెట్టె మూసేసింది. పయోమ్ అరుగు మీంచి గురువు కత్తెర తెచ్చింది.

సంగ్వియన్ బకెట్ ముందుకు జరిపింది. "ముంచనా?"

"ఎందుకు? దీని తర్వాత కోసేది లేదుగా."

కోసే ముందు అలవాటు చొప్పున బొటనవేలితో కాండం రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. కొమ్మలన్నీ కోసింది. మొదలు కత్తెరకి లొంగకపోతే వుత్ రంపం తెచ్చాడు. అంతా అయ్యాక తనే వెళ్లి కత్తెరని బ్లీచింగ్ బకెట్లో వేసింది. మూడు బొట్లూ కరిగిపోయాయి. బంగారు రేకు పొరలుగా లేచి నీళ్ల మీద తేలింది. బయటికి తీసి, తుడిచి, ఫోటో పక్కన మళ్లీ పెట్టింది. అదిప్పుడు మామూలు పాత ఇనప కత్తెర, అంతే.

గదులు కడిగారు, కొత్త కుండీలు వచ్చాయి. కోడలి పిల్లల్నే పెంచి తల్లులుగా నిలబెట్టాలని నిర్ణయమైంది. వానలు వెనకబట్టాక ఒక పొద్దున దరుణీ ఫోన్ చేసింది. చివరి సీసా కూడా బూజు పట్టిపోయిందని చెప్పి, చాలాసేపు క్షమించమని అడిగింది. "పరవాలేదమ్మాయ్. అన్నం తిన్నావా?" అని అడిగి పెట్టేసింది పయోమ్. ముసలమ్మ ఇక లేదు. కొన్నవాళ్లవి పూత కోతతోనే అయిపోయాయి, సంతలో ఇచ్చిన పిల్లా మిగల్లేదు. లోకంలో ఎక్కడా లేదు.

ఆరోజు గురువారం. కోడలికి కోత.

"మొదటి కోత నువ్వే కోయి పెద్దమ్మా. వరస తప్పకూడదు," అన్నాడు వుత్. ఇదివరకు ఆ వరస మీద గొణిగినవాడే.

పయోమ్ దండం పెట్టి, కత్తెర తీసి, బకెట్లో ముంచి, నీళ్లు కారనిచ్చింది. కోడల్ని ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. నీళ్లు పోసింది, కుండీ జరిపింది, అంతే. దాని కొమ్మలన్నీ సంగ్వియనే కోసేది. ఇప్పుడు ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని కోసింది.

వాసన గుప్పుమంది.

నిమ్మతొక్క మీద కిరసనాయిలు చల్లినట్టున్న ఘాటైన వాసన. పయోమ్ కొమ్మ పట్టుకుని అలా నిలబడిపోయింది. మళ్లీ పీల్చింది. మళ్లీ వచ్చింది. బకెట్ మీదకి వంగింది, బ్లీచింగ్ వాసన. అగరొత్తుల వాసన. ఫోటో మీద మల్లెల వాసన. పక్కనే నిలబడ్డ సంగ్వియన్ ఒంటినొప్పులకి పూసుకున్న పచ్చనూనె వాసన.

"ఏంటక్కా నన్ను కుక్కలా వాసన చూస్తున్నావు?"

"నా ముక్కు బాగానే ఉంది," అంది పయోమ్.

"మంచిదేగా. జ్వరంలో పోయింది ఇన్నాళ్లకి వచ్చింది."

"అది కాదు. ఎప్పుడో వచ్చే ఉంటుంది. అసలు పోయిందో లేదో." ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. "వాసన పోయింది ముసలమ్మకి. రోజూ చూశాను. సంగ్వియనూ, ఒంట్లో బాగాలేదని అది నాకు రోజూ చెప్పింది. ఏడాది పైగా చెప్పింది. నేను నాకే ఏదో అయిందనుకున్నా."

తిమ్మిరెక్కిన కాలు నేల మీద మోపితే మొదట ఏమీ తెలియదు, కాసేపటికి సూదులు మొదలవుతాయి. పయోమ్‌కి అలాగే అయింది. స్టూలు మీద కూలబడింది. ఏడుపు వచ్చింది. చితి దగ్గర రానిది, ఇన్నాళ్లూ ఎక్కడుందో తెలియనిది, గొంతు దాటి చప్పుడుతో వచ్చింది. చాలా బాధగా ఉంది. ఇంత బాధ తన లోపలే ఉందని ఆమెకి తెలియదు. సంగ్వియన్ ముసలమ్మ కోసమా, ఇన్‌ఖమ్ అన్న కోసమా అని అడగలేదు. కత్తెర ఆమె చేతిలోంచి తీసుకుని, బకెట్లో ముంచి, పక్కన పెట్టింది. వుత్ తలుపు దగ్గరికి వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి పయోమ్ జాకెట్టు చేతితో ముఖం తుడుచుకుని లేచింది. బొటనవేలితో కోడలి కాండాన్ని మెల్లగా రుద్దింది. తను వాసన చూసుకుని, ఆ వేలు సంగ్వియన్ ముక్కు దగ్గర పెట్టింది.

"ఏమంటోంది?"

"ఏమంటుంది? బాగానే ఉన్నానంటోంది."

"సరిగ్గా చూసి చెప్పు," అంది పయోమ్. "రేపటి నుంచి రోజూ నువ్వు కూడా చూడాలి. నా ఒక్కదాని మీద వదిలేయొద్దు."